నాన్న చెప్పిన ఏడో ఎక్కం

బడులు చాలాకాలం మూతపడి మళ్ళీ తెరిచాక, చదువులో వెనకబడిన పిల్లల కోసం లైబ్రరీ మేడమీద సాయంత్రం క్లాసు పెట్టారు. అక్కడ లెక్కలు చెప్పే అమ్మాయిని పిల్లలంతా అక్కా అనేవారు. ముందు పిల్లల మనసు, తర్వాతే పాఠం అని శిక్షణలో ఆమెకు నూరిపోశారు. అందుకే రోజూ కాసేపు కబుర్లు చెప్పించి గాని పుస్తకం తెరిచేది కాదు.

ఆ కబుర్లలో పిచ్చుక అనే పిల్ల మాత్రం నోరు విప్పేది కాదు. ఒకప్పుడు గలగలా వాగుతుండేదని ఇంట్లో ఆ పేరు పెట్టారట. వాళ్ళ నాన్న బ్రెడ్డు వ్యాను నడిపేవాడు. జ్వరంతో ఆస్పత్రికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. మిగతా లెక్కలన్నీ మెల్లగా గాడిన పడ్డా, ఏడెనిమిదుల దగ్గర పిల్ల మొండికేసేది. ఎన్నిసార్లు దిద్దినా యాభై నాలుగే రాసేది.

ఓ సాయంత్రం అక్కకు ఓపిక నశించింది.

"బుర్ర ఎక్కడ పెట్టొచ్చావే? యాభై ఆరని చెవినిల్లు కట్టుకుని పోరుతున్నానా లేదా?"

పిల్ల కళ్ళు నిండిపోయాయి. "మా నాన్న యాభై నాలుగే అనేవాడు."

వ్యానులో పక్కన కూర్చోబెట్టుకుని, స్టీరింగు మీద దరువేస్తూ ఏడో ఎక్కం పాడించేవాడట.

"అలా చదివితే నాన్న గొంతు వినబడుతుందక్కా. నువ్వు చెప్పినట్టు చదివితే వినబడదు."

ఇన్నాళ్ళూ తను ఎర్రసిరాతో కొట్టేస్తున్నది ఎవరి మాటో అక్కకు అప్పుడు తెలిసింది.

"పరీక్షలో యాభై ఆరు రాయి తల్లీ. నాన్న యాభై నాలుగు నీదే. దాన్నెవరూ దిద్దరు."

"రెండూ గుర్తుంటాయా?"

"ఎందుకుండవూ?" అంది అక్క. ఉంటాయో లేదో ఆమెకే తెలియదు.

ఆనాటి నుంచి పిచ్చుక కబుర్లలో కలిసింది. నాన్న ఈల వేస్తే వీధికుక్కలన్నీ వ్యాను వెంట పడేవని చెప్పి అందరినీ నవ్వించింది. పరీక్షలో ఒక్క లెక్కా తప్పు పోలేదు.

"ఈ పిల్ల గట్టెక్కేసిందమ్మా, ఇక మన క్లాసుతో పన్లేదు!" అని క్లాసుల బాగోగులు చూసే సూపర్‌వైజరు సంబరపడ్డాడు.

పిచ్చుక మాత్రం మెట్ల దగ్గరే నిలబడిపోయింది.

"ఏమ్మా, సంతోషంగా లేదా?"

"పరీక్షలో నాన్న గొంతు రాలేదక్కా. యాభై ఆరే ముందొచ్చేసింది. ఇంటికెళ్ళాక కూడా చదివి చూశా. అదే వస్తోంది."

ఇలాంటప్పుడు అనాల్సిన మాటలు శిక్షణలో బోలెడు నేర్పారు. అక్క అవన్నీ పక్కనపెట్టి మెట్టు మీద కూలబడి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. వాళ్ళమ్మ పని నుంచి వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. కింద ఎవరో లైబ్రరీ కిటికీలు ఒక్కొక్కటే మూస్తున్నారు.