పగటి నిద్ర

అసలు నిద్ర పట్టాలంటే ముందు నిద్ర సంగతే మరిచిపోవాలి, ఆ కిటుకు తెలిసినవాడే మహేందర్, మూడున్నరేళ్ళుగా రాత్రంతా పనిచేసి పగలు పడుకునేవాడు, ముఖం మీదికి దుప్పటి లాక్కుంటే చాలు మొద్దు నిద్ర, ఈ రోజు మాత్రం పది దాటినా రెప్ప వాలడం లేదు, వంటింట్లోంచి ఒక్క గిన్నె చప్పుడైనా వస్తే బాగుండునని చెవులు రిక్కించుకుని పడుకున్నాడు, రాదు, రూప ఎప్పుడూ గిన్నెను గచ్చు మీద దించదు, గుడ్డ మడతపెట్టి దాని మీద దించుతుంది, పుట్టింటివాళ్ళు పెట్టిన కుక్కర్ అటకెక్కి మూడేళ్ళు దాటింది, కూత పెడితే ఆయన లేస్తాడని అన్నం గిన్నెలోనే వండి వారుస్తుంది, ఈ తెలివి చూసి ఎంత మురిసిపోయాడో తను, కంచన్‌బాగ్‌లో భట్టీ ముందర నిలబడి, లోహం కరిగే ఆ సెగలో, తోటి పనివాడు బాలరాజ్‌కు చెప్పుకుని మరీ మురిసిపోయాడు, అన్నా, పగటిపూట మా ఇంట్ల మనుషులున్నట్టే ఉండదు, పిల్ల ఉన్నట్టు గూడ ఎరుక గాదు అని, ముగ్గురు పిల్లల తండ్రి బాలరాజ్, ఇంట్లో లొల్లికి చెవుల్లో దూది కుక్కుకుని పడుకునేవాడు, నీ నసీబు మంచిగుంది భాయ్ అన్నాడు, అవునని తల ఊపాడు తను, ఎంత గర్వంగా ఊపాడు.

ఉప్పుగూడ స్టేషన్ వైపు రైలు పోయింది, గోడకున్న అద్దం గలగలమంది, రైలుకు ఏనాడూ లేవలేదు మహేందర్, ఆ చప్పుడు వాన చప్పుడులాంటిదే తనకు, మనిషి గొంతు వినపడితే మాత్రం తటాలున మెలకువ వస్తుంది, వచ్చాక ఇక పట్టదు, పట్టకపోతే రాత్రి భట్టీ దగ్గర కునుకు, అక్కడ కునికినవాడి చెయ్యి ఏమవుతుందో కళ్ళారా చూశాడు ఒకసారి, ఆ వాసన వారం రోజులు ముక్కును వదల్లేదు, అందుకే అరిచాడు, ఒక్కసారే, ఒట్టు, ఒక్కసారే అరిచాడు, అప్పటికి శ్రీహిత మూడు నెలల పిల్ల, గుక్కపట్టి ఏడుస్తుంటే రూప మీదికి లేచాడు, నిద్ర లేక నేను గా భట్టీల పడి సావాల్నా ఏంది అన్నాడు, అంతే, మళ్ళీ ఏనాడూ అనలేదు, మళ్ళీ అనవలసిన అవసరమే రానివ్వలేదు రూప, అమ్మ మనవరాలికి మువ్వల పట్టీలు తెస్తే ఆ సాయంత్రమే రూప పట్కారుతో మువ్వలన్నీ ఒక్కొక్కటే పీకి డబ్బాలో వేసింది, పక్క గల్లీలో అన్న దగ్గరుండే అమ్మ, బుచ్చమ్మ, బర్రెలు పెట్టుకుని బతికే మనిషి, పాలూ అని అరిచిందంటే నాలుగు గల్లీలు వినాలి, ఆమె కూడా ఈ ఇంటి ముందు నోరు మూసుకుని పాల క్యాను గడప మీద పెట్టి వెళ్ళిపోతుంది, సొంత కొడుకు ఇంటికి దొంగలా వచ్చిపోయే తల్లి, అప్పుడు నవ్వొచ్చింది తనకు, ఇప్పుడు రావడం లేదు.

రాత్రి డ్యూటీ ఎవరూ కట్టబెట్టలేదు, అదే అసలు బాధ, తనే అడిగి తీసుకున్నాడు, పిల్ల పుట్టిన నెలలో సూపర్‌వైజర్ ముందర నిలబడి సార్, నైట్ షిఫ్ట్ నాకియ్యండ్రి, పగలంతా బిడ్డ దగ్గర ఉంట అన్నాడు, తన తండ్రి రాజన్న పొద్దున పోతే పిల్లలు పడుకున్నాక వచ్చేవాడు, ఆయన ముఖం చూడాలంటే ఆదివారం దాకా ఆగాలి, తన బిడ్డకు ఆ గతి వద్దనుకున్నాడు, పగలంతా ఎత్తుకుని తిప్పుతానని, గాలిపటాలు చూపిస్తానని, ఏ మాట ముందు పలుకుతుందో తానే వింటానని, బాపు అంటుందని, అమ్మకంటే ముందు తననే పిలవాలని రూపతో పంతం కూడా వేశాడు, తీరా చూస్తే పగలంతా ఇంట్లోనే ఉన్నాడు, నిజమే, గోడవైపు తిరిగి ముసుగు తన్ని ఉన్నాడు, ఇంత మంచి తండ్రి ఈ బస్తీలో ఇంకొకడు ఉంటాడా, థూ.

నిన్న మాత్రం పగటి నిద్ర మానుకుని పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, మూడున్నరేళ్ళు వచ్చినా ఒక్క మాట లేదు కదా, అమ్మ ఇంకా నవ్వేస్తూనే ఉంది, మా మహేందర్‌గాడు గూడ నాలుగేండ్లకు నోరు తెరిచిండు, గిప్పుడు మూయమంటే మూస్తడా, ఫికర్ జెయ్యకుండ్రి అంటుంది, చెవుల పరీక్ష చేశారు, పిల్ల వీపు వెనక చిన్న గిలక మెల్లగా కదిలిస్తే చటుక్కున తిరిగి చూసింది, వినికిడి బాగుందన్నారు, అమ్మయ్య అనుకున్నాడు, తర్వాత మాటలు నేర్పే అమల మేడం గది, గోడకు రంగురంగుల బొమ్మలు, కింద చాప, మేడం పిల్లను చాప మీద కూర్చోబెట్టి కొయ్య డబ్బాలు ఇచ్చింది, పిల్ల వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చింది, చివరిది కింద పడబోతే రెండు చేతులా పట్టుకుంది, చప్పుడు కానివ్వలేదు, అందుకేనేమో మేడం కలం ఆపి చూసింది, పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా పాపతో ఎవరెవరు మాట్లాడతారమ్మా అని అడిగింది, రూప తనవైపు చూసింది, తను నవ్వాడు, బుద్ధి లేనివాడు, మా ఇంట్ల లొల్లి ఉండదు మేడం, ఫోన్‌ల బొమ్మలు చూసినా సౌండ్ బంద్ వెట్టి చూస్తది అన్నాడు మెచ్చుకోలుగా, మేడం నవ్వలేదు.

ఆకలైతే ఎట్లా చెప్తుందమ్మా, రెండు వేళ్ళు పెదాల మీద పెట్టుకుంటది మేడం, బాత్రూమ్ వస్తే, నా కొంగు వట్టి గుంజుతది, దెబ్బ తాకితే, దానికి తనే జవాబు చెప్పాడు, చెప్పకపోయినా బాగుండేది, బీరువా తలుపుల వేలు నలిగింది మేడం ఒకపారి, నల్లగ కమిలింది, గయినా ఏడ్వలేదు, మస్తు ధైర్యం పిల్లకు, అంటుంటే రూప గొంతు అడ్డొచ్చింది, ఏడ్చింది, నోరు తెరిచి ఏడ్చింది, సప్పుడే రాలేదు అంది, ఆ మాట ఇన్నాళ్ళూ తనతో అనలేదు రూప, చిన్నప్పుడు ఊ, ఆ, బబ్బబ్బ అనేదా అని అడిగింది మేడం, అనేది మేడం అంది రూప, తొమ్మిది నెలలప్పుడు మస్తు అనేది, పగలంత బబ్బబ్బ, బబ్బబ్బ, అప్పుడు మీరేం చేసేవారు, రూప తల దించుకుంది, పాలిచ్చేదాన్ని, నోరు మూస్తది గద, ఆయన పండుకుండె మేడం.

ఇదొక్కటే కారణమని నేను అనట్లేదు, ఇంకా చూడాల్సినవి ఉన్నాయి అంది మేడం, మంచి మనిషి, ఎవరినీ తప్పుపట్టలేదు, పసిపిల్ల ఊ అంటే మనం ఊ అనాలి, అది బబ్బబ్బ అంటే మనమూ అనాలి, అట్లా అడిగిందానికి జవాబు దొరికితేనే పిల్లలు ఇంకోటి అడుగుతారు, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, ఇంకా ఆలస్యం చేయొద్దు, ఈ రోజు నుంచే మాట్లాడండి, వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, ఏదైనా సరే, మాట్లాడండి అంది, తిరిగొచ్చేటప్పుడు నయాపూల్ మీద ఆటో ఆగిపోయింది, హారన్లు, తోపుడుబండ్లవాళ్ళ కేకలు, అరటిపళ్ళవాడు ఉర్దూలో ఎవరినో బూతులు తిడుతున్నాడు, శ్రీహిత ఆటోలోంచి తల బయట పెట్టి నోరు వెళ్ళబెట్టి చూసింది, అంత శబ్దం, అందరి నోళ్ళూ తెరిచి ఉన్నాయి, ఎవరూ ఎవరినీ ఆపడం లేదు, ఆ పిల్ల ముఖంలో అంత ఆశ్చర్యం తను ఏనాడూ చూడలేదు.

అందుకే ఈ పొద్దున డ్యూటీ నుంచి వస్తూనే చెప్పాడు, నువ్వు మాట్లాడు రూపా, గట్టిగ మాట్లాడు, నేను లేస్తే లేస్త, షిఫ్ట్ మారుస్తరేమో అడుగుత, ఏమైతే గదైతది, రూప తల ఊపింది, అప్పుడూ తలే ఊపింది, అది జరిగి మూడు గంటలైంది, ఇంకా ఒక్క మాట వినపడలేదు, పాత దుప్పటి, నేత పలచబడి అవతలివి మసకమసకగా కనిపిస్తున్నాయి, పిల్ల చాప మీద కూర్చుని గరిటెతో ఆడుకుంటోంది, రూప వంటింటి గడప దగ్గర కత్తిపీట ముందు కూర్చుని నోరు తెరుస్తోంది, మూస్తోంది, పాపం, పుట్టింట్లో ఎంత వాగుడుకాయ, పెళ్ళిచూపుల్లో ఆమె వాగుడు వినే కదా తను సరేనన్నది, అనవే, ఏదో ఒకటి అను, లోపలే బతిమాలుకుంటున్నాడు మహేందర్, దుప్పటి కింద పిడికిళ్ళు బిగించుకుని.

శ్రీ, ఇగో, టమాట, అంది రూప చివరికి, ఎవరి గొంతో అనిపించింది, బొంగురు గొంతు, టమాట, ఎర్రగుంది సూడు, ఇగ కోస్తున్న, పిల్ల చేతిలోని గరిటె ఆగిపోయింది, తల్లి ముఖం చూసింది, టమాట, మళ్ళీ అంది రూప ఇంకాస్త గట్టిగా, శ్రీహిత గరిటెను మెల్లగా చాప మీద పెట్టి, మునివేళ్ళ మీద గబగబా నడిచి వెళ్ళి తల్లి నోటిని అరచేత్తో మూసేసింది, ఏంగాదు బిడ్డా, ఏంగాదు, రూప ఆ చెయ్యి తీసి ముద్దు పెట్టుకుని మాట్లాడబోతే రెండు చేతులూ కలిపి మూసింది, కళ్ళనిండా భయం, ఇటు తిరిగి తనవైపు వేలు చూపించి, అరచెయ్యి చెంపకు ఆనించి తల వాల్చింది, బాపు పండుకున్నడు, ఎంత స్పష్టంగా చెప్పింది, పెద్దవాళ్ళు చెప్పగలరా అంత స్పష్టంగా, లేచి పోయి ఎత్తుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది మహేందర్‌కు, కదల్లేకపోయాడు, ఇప్పుడు లేస్తే అమ్మ మాట్లాడింది కాబట్టే బాపు లేచాడని ఆ పిల్ల అనుకుంటుంది, అందుకని కళ్ళు మూసుకుని, చెవుల్లోకి కారుతున్న కన్నీళ్ళను తుడుచుకోకుండా, నిద్రపోతున్నవాడిలా ఊపిరి తీస్తూ పడుకున్నాడు, పిల్లకు ఏదీ రాలేదని ఊరంతా అనుకుంటోంది, ఈ ఇంట్లో నేర్పింది ఒకటే, అది అక్షరం పొల్లుపోకుండా వచ్చింది దానికి, బిడ్డను పెంచడానికని తను ఇంట్లో ఉన్నాడు, కానీ ఈ మూడున్నరేళ్ళూ రోజూ తనను నిద్రపుచ్చింది ఆ బిడ్డే, నోటిదాకా వచ్చిన మాటనల్లా మింగి మింగి నిద్రపుచ్చింది.