ఆగస్టులో రమ్మన్నారట

“పనవుతోంది గదేటే, ఇంకా సెయ్యి సెయ్యి అంటావేటి?” అన్నాడు మా ఆయన సోంబరు, నేను తడి దుప్పటి కొసను గుంజకు కట్టి ఎడం చేత్తో మెలిపెట్టి పిండుతుంటే.

నా కుడి చెయ్యి మణికట్టు దగ్గర కిందికి వాలిపోయి ఉంటుంది. వేళ్ళు మూసుకుంటాయి, తెరుచుకోవు. కాఫీ పళ్ళు కోసేటప్పుడు కొమ్మను కుడి మోచేతి మడతలో ఇరికించి ఎడం చేత్తో కోస్తాను. “సెయ్యి లెగదంటాది, పళ్ళు మాత్రం బుట్టెడు కోసేత్తాది” అంటుంది మా అత్త. ఉపాయాలు నేర్చుకున్నది నేను, చెయ్యి బాగయిందని తీర్పిచ్చింది వాళ్ళు. ఒక్కరోజు పని మానేసి కూర్చుని ఉంటే నా జబ్బు ఇంట్లో అందరికీ కనిపించేదేమో, ఖర్మ!

కిందటి మార్చిలో సిల్వరోక్ చెట్టుకు పాకిన మిరియాలు కోస్తూ నిచ్చెన మీంచి పడ్డాను. భుజానికీ మోచేతికీ మధ్య ఎముక విరిగింది. ఊళ్ళో ఎముకలు కట్టే మంగ్లు తాత వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. “తాతా, సెయ్యి పైకి రాట్లేదు” అని అప్పుడే చెప్పాను. “కట్టు ఇప్పితే అదే వత్తాది” అన్నాడు. నలభై రోజులకు విప్పితే ఎముక చక్కగా అతుక్కుంది, చెయ్యి మాత్రం లేవలేదు. తాతనేమీ అనను. ఆయనకు తెలిసింది ఎముక, నరం కాదు.

అప్పుడు విశాఖలో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. ఎముకను చుట్టుకుని వెళ్ళే నరం దెబ్బతిందని, చాలామందికి దానంతటదే కోలుకుంటుందని డాక్టరు చెప్పాడు. నర్సు నా మణికట్టుకు పట్టీ కొలుస్తుంటే, మిగతా సంగతంతా సోంబరును వరండాలోకి తీసుకెళ్ళి చెప్పాడు. చెయ్యి నాది, మాటలు వాళ్ళిద్దరివి. బస్సులో అడిగాను, “ఏటన్నాడు మావా?” అని.

“ఏడాది పడతాదంట. బరువులెత్తొద్దన్నాడు.”

అరకులో బస్సు దిగగానే బియ్యం మూట నా నెత్తికే ఎత్తాడు. అయినా నమ్మాను. ఆయన పదో తరగతి చదివాడు, నాకు అక్షరం రాదు. రోజూ ఎడం చేత్తో ఆ వేళ్ళను ఎత్తి పట్టుకుని, లేవవే తల్లీ అని బతిమాలుకునేదాన్ని.

ఈ మార్చిలో మళ్ళీ వెళ్ళాం. ఈసారి డాక్టరమ్మ ఉంది. పాత చీటీ చూసి నా మొహం చూసింది.

“ఆగస్టులో రమ్మని రాశారు కదమ్మా? అప్పటికీ కదలిక లేకపోతే ఆపరేషన్ చేసి నరాన్ని బాగుచేసేవాళ్ళం. ఇంత ఆలస్యమయ్యాక దాని మీద ఆశ పెట్టుకోలేం.”

నేను సోంబరు వైపు తిరిగాను. ఆయన నేల చూశాడు.

“నాట్లు పడ్డాయి గదే. అవయ్యాక కాఫీ పళ్ళు. పని బాగానే సేత్తన్నావు గదా అని…”

మనిషి చెడ్డవాడైనా బాగుండును. పడ్డ రోజు నన్ను వీపున మోసుకుని, ఏడుస్తూ కొండ దించాడు. ఆ మనిషే ఆగస్టులో గట్టు మీద నిలబడి, నేను ఎడం చేత్తో నాట్లు వేయడం చూశాడు. ఆ వేళకి నా చెయ్యి తిరిగొచ్చే దారుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు.

డాక్టరమ్మ ఇంకో దారి చెప్పింది. చేతిలో పనిచేసే కండరం కొస ఒకటి తెచ్చి, మణికట్టును ఎత్తేలా కుడతారట. మునుపటి చెయ్యి రాదుగానీ, లేస్తుంది. మూడు నెలలు పని చేయకూడదు.

“మూడు నెలలా!” అన్నాడు సోంబరు. “ఈ మిరియాలు అయిపోనీ, సూద్దాం.”

“బేగి సేసేయండమ్మా. నేనింటికెళ్ళను” అన్నాను డాక్టరమ్మతో.

సోంబరు బిత్తరపోయాడు. “మరి ఇల్లెలాగే?”

ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు.

“నేను సచ్చిపోతే ఎలా సేసుకుందువో, అలాగే సేసుకో మావా.”