నాన్న మొహం మీది దెబ్బలు

పొద్దున్నే సెలూన్ తలుపులు తీయగానే గడ్డం గీయించుకోవడానికి వచ్చేవాళ్ళు ముగ్గురైతే, గీసేవాడి మొహం చూసి పోవడానికి వచ్చేవాళ్ళు పదిమంది. ఆయన కూతురు బాక్సింగ్ క్లబ్బులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల. తలపడేదంతా మగపిల్లలతోనే. చేతులకు పట్టీలు ఎవరు చుడితే ఆ పిల్లకు తగిలిన దెబ్బలు వాళ్ళ ఒంటి మీద తేలేవి. అయిదేళ్ళుగా చుడుతున్నది నాన్నే.

"కుడి దవడ వాచింది. నిన్న మాంసం కొట్టాయన కొడుకుతోనా?" అన్నాడు టైర్ల షాపాయన. పెళ్ళాం కేకలకు జడిసి రోజూ పొద్దున్నే సెలూన్‌లో తలదాచుకునే మహావీరుడు ఈయన. "ఆడపిల్లకి ఈ తన్నులాట ఎందుకు బావా?"

"తన్నులు నాకు కదా. నీకెక్కడ నొప్పి?" అనేవాడు నాన్న, సబ్బు నురగ కలుపుతూ.

నొప్పి తెలియని పిల్ల చేతులు ఎందుకు అడ్డం పెట్టుకుంటుంది? "మొహం కాచుకోవే తల్లీ!" అని కోచ్ గొంతు పోయేలా అరిచేవాడు. ఆ పిల్ల నవ్వుతూ ముందుకే పోయేది.

ఒకరోజు నాన్న ఎడమ కన్ను ఎర్రగా చింతనిప్పు అయింది. వారం తిరక్కుండానే చూపు మసకేసి, నాన్న కత్తికి లెక్కల మాస్టారి చెవి తెగింది. మాస్టారి తల మీద ఉన్నవే నాలుగు వెంట్రుకలు, వాటికోసం నెలకు రెండుసార్లు వస్తాడు. నాన్న కంటి మీద మరో దెబ్బ పడితే చూపు ఉండదని కంటి డాక్టరు చెప్పాడు. "అమ్మాయికి చెప్పకండి మాస్టారూ" అని నాన్న బతిమాలాడు. మాస్టారి నోట్లో రహస్యం దాగిన రోజు ఒక్కటీ లేదు. చెవికి కట్టుతో తిన్నగా క్లబ్బుకే వెళ్ళి ఆ పిల్లకు చెప్పేశాడు.

ఆదివారం ఎంపిక. మాంసం కొట్టాయన కొడుకు ముందు మూడు రౌండ్లు నిలబడితే పెద్ద పోటీలకు పంపిస్తానని, పడిపోతే ఇక క్లబ్బు గడప తొక్కొద్దని కోచ్ తేల్చేశాడు.

ఆ పొద్దున నాన్న కొత్త పట్టీలు తీసుకుని వచ్చేసరికి ఇంట్లో కూతురు లేదు. క్లబ్బు మెట్ల మీద కూర్చుని పాత పట్టీలు తనే చుట్టుకుంటోంది. అలవాటు లేని పని, మూడుసార్లు ఊడిపోయాయి. మాంసం కొట్టాయన కొడుకు జాలిపడి, "ఇటివ్వు, నేను చుడతా" అన్నాడు. కోచ్ వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. "నీ గుద్దులు నువ్వే తింటావురా, వెర్రినాయనా?"

సెలూన్‌లో జనం నాన్న మొహం చుట్టూ మూగారు. గడియారంలో మొదటి రౌండ్ దాటింది. మొహం మీద గీత లేదు. రెండోదీ, మూడోదీ దాటాయి. గీత లేదు.

"ఒక్క గుద్దయినా తగలనివ్వలేదు, ఆడపులి!" అని టైర్ల షాపాయన అందరికీ టీ చెప్పాడు. నాన్న గ్లాసు ముట్టలేదు. అద్దంలో తన చెంపలు, నుదురు, ముక్కు వేళ్ళతో తడుముకుంటూ దేన్నో వెతుక్కున్నాడు.

కాసేపటికి ఆ పిల్ల గుమ్మంలో నిలబడింది. ఎడమ కన్ను మూసుకుపోయింది, పెదవి చిట్లింది. టీ తాగే చప్పుళ్ళు ఆగిపోయాయి.

"కోచ్ పంపిస్తానన్నాడు. మొదటి గుద్దుకే చేతులు వాటంతటవే మొహం మీదికి లేచాయి నాన్నా."

నాన్న ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, తడిగుడ్డ కంటికి అద్దాడు. పిల్ల చటుక్కున వెనక్కి జరిగింది.

"ఇంత నొప్పా?" అంది.

ఆయన గుడ్డ మళ్ళీ తడిపి పిండాడు.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబితే మానేస్తావుగా."

ఆ పిల్ల తెరుచుకున్న ఒక్క కంటితో ఆయన్ని చూసింది.

"మానను. గుడ్డ ఇటివ్వు, నేనే అద్దుకుంటా."

ఆయన వెంటనే వదల్లేదు.