నీళ్లలో నిలిచిన పసుపు

కోరుట్ల డిగ్రీ కాలేజీ ల్యాబులో ప్రణీత తమ ఇంటి పసుపు గురించి గొప్పలు పోతోంది. పోదూ మరి! వాళ్ల నాన్న నర్సింగం దుబాయి నుంచి తిరిగొచ్చి పెగడపల్లిలో పసుపు ఆడించే గిర్ని పెట్టాడు. ఆదివారం సిరిసిల్లలో అక్క వసంత ఇంటికి వెళ్లినప్పుడు, ఈ ప్రయోగం కోసం ఆమె డబ్బాలోంచి గుప్పెడు పొడి తెచ్చుకుంది. అక్క బాలింత. అమ్మ మొగిలవ్వ పంపిన ఆ పసుపే రోజూ పాలలో వేసుకుని తాగుతోంది.

కెమిస్ట్రీ చెప్పే సంధ్యారాణి మేడం గాజుబుడ్డిలో నీళ్లు, ఇథైల్ అసిటేట్ పోసింది. రెండూ కలవవు. పసుపు అసలు రంగుకు నీళ్లు గిట్టవు కనుక అది పైనున్న అసిటేట్‌లోకి పోతుంది, కింది నీళ్లు దాదాపు తేటగా మిగులుతాయి.

ప్రణీత పొడి వేసి, బుడ్డి ఊపి నిలబెట్టింది. పైపొర పచ్చబడింది. కింది నీళ్లు అంతకంటే పచ్చగా ఉన్నాయి. మేడం ఆ నీళ్లు వేరుగా పట్టి రెండు చుక్కలు యాసిడ్ వేస్తే గులాబీ రంగుకు తిరిగాయి.

"తినే రంగు కాదు గిది. ఏడ కొన్నరు?"

"కొనలే మేడం."

వెంటనే ప్రణీత అక్కకు ఫోన్ చేసి ఆ డబ్బా ముట్టుకోవద్దంది. ఎందుకో చెప్పకుండానే పెట్టేసింది. జగిత్యాలలో బస్సు మారి ఊరు చేరేదాకా, నాన్నను ఎవరో మోసం చేశారనే అనుకుంది పిచ్చిది.

"బాపూ, నీకు ఎవలో రంగు కలిపిన పసుపు అంటగట్టిండ్రు."

నర్సింగం తూకం మీంచి తల కూడా ఎత్తలేదు. "ఎవలు అంటగట్టలే. దుకాణాలకు పోయే బస్తాలల్ల మనమే జెర రంగు ఏస్తం. లేకుంటే ఎవలు కొంటలేరు. మనం తినేది వేరే ఉంటది. నువ్వు బస్తాలది పట్టుకపోయినవా?"

ప్రణీతకు ఈయన తన బాపేనా అనిపించింది.

"లే బాపూ. గది అక్క డబ్బాలది."

నర్సింగం చేతిలోని పసుపు నేల మీద పడిపోయింది. అప్పుడే చాయ్ తెచ్చిన భార్యను, వసంతకు పంపిన పసుపు ఎక్కడిదని అడిగాడు. మొగిలవ్వకు రంగు సంగతే తెలియదు.

"ఇంట్ల పసుపు ఒడిసింది, బస్తాలకెళ్లి నింపిన. మంచిగ పచ్చగున్నది గదా" అంది.

"గది మన పొల్లకెట్ల పంపినవే?" అన్నాడతను.

మొగిలవ్వ విస్తుపోయి చూసింది. "ఊరోళ్ల పొల్లలు తినేదే గదా. మన పొల్ల తింటే ఏమైతది?"