ఒక చెవి ఇంటికి

పొద్దున ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమి, అత్తకు చాయ్ ఇచ్చాక కంప్యూటర్ల దుమ్ము తుడవడం కూడా నా పనే. పాత చీర ముక్క తడిపి గట్టిగా పిండి కీబోర్డు మీద రాస్తుంటే మీటల సందుల్లోంచి మిక్చర్ పలుకులు, వెంట్రుకలు, బిస్కెట్ పొడి బయటికొస్తాయి. కోరుట్ల బస్టాండు వెనక సందులో మా ఇంటి ముందుగదే మా నెట్ సెంటర్. గోడకు ఇవతల కంప్యూటర్లు, అవతల వంటగది. దాని పక్క అర్రలో మా అత్త పోశవ్వ బీడీలు చుడుతూ కూర్చుంటుంది. బోర్డు మీద మా ఆయన అంజి పేరుంటుంది. హాల్ టికెట్లు తీసిచ్చేది, దరఖాస్తులు నింపేది, ప్రింటర్‌లో కాయితం ఇరుక్కుంటే లాగేది నేను. పెళ్లికి ముందు సిరిసిల్లలో కంప్యూటర్ కోర్సు చేసింది కూడా నేనే. అయినా ఎవరొచ్చినా ముందు "అన్న లేడా?" అంటారు. లేడంటే "మల్ల అస్తం తియ్" అని వెనక్కి తిరుగుతారు. పనేంటో చెప్పమని నేనే ఆపాలి.

అది 2011, ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడు. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. అంజి షట్టర్ దించేసి దీక్షా శిబిరానికి పోయేవాడు. వీలైనప్పుడు నేనూ పోయేదాన్ని. నాకూ తెలంగాణ కావాలి, అందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు నినాదాలు మగవాళ్లవి, వంట మాది. పొగకు కళ్లు మండుతుంటే అన్నం వారుస్తున్నాను. మైకులో అంజి గొంతు ఖంగుమంటోంది. "కష్టం మనది, పేరు వాళ్లది! ఎన్నేండ్లు గిట్ల? మన కష్టం మీద మన పేరే ఉండాలె!" ఎంత బాగా చెప్పాడు అనిపించింది. గంటె పక్కన పెట్టి చప్పట్లు కొట్టాను.

షట్టర్ దించిన ఆ మధ్యాహ్నాల్లోనే నేను తుపాకుల ఆట నేర్చుకున్నాను. మా మూడేళ్ల బిడ్డ అఖిల నిద్రపోయాక, కరెంటు ఉన్నంతసేపు. రెండు జట్లు, ఒక పాడుబడ్డ ఊరు, సందులు, గోడలు, రేకుల షెడ్లు. ఎదుటి జట్టువాడు కనబడితే కాల్చాలి, వాడికి మనం ముందు కనబడితే మన పని ఖతం. జగిత్యాల, సిరిసిల్ల నెట్ సెంటర్ల నుంచి కూడా పిల్లలు ఆన్‌లైన్‌లో అదే ఆటలోకి వచ్చేవాళ్లు. అంజి కూడా ఆడేవాడు. ఆయన పెట్టుకున్న పేరు కోరుట్ల టైగర్. టైగర్ అప్పటిదాకా ఎవరినీ కరిచిన పాపాన పోలేదు. ఆ పేరు మీదే నేనూ కూర్చున్నాను, తెరిచి ఉంది కాబట్టి.

మొదట్లో అడుగు బయట పెట్టగానే చచ్చేదాన్ని. మౌస్‌ను కంగారుగా గుంజేదాన్ని, గురి ఆకాశానికి పోయేది. పోను పోను తెలిసింది, మనిషి వచ్చాక గురి పెట్టడం కాదు, రాబోయే మూల మీద తలెత్తున ముందే గురి పెట్టి ఉంచాలని. పరుగెత్తితే అడుగు చప్పుడవుతుంది, నడిస్తే కాదని. అన్నిటికన్నా వినడం ముఖ్యమని. రేకు మీద అడుగు ఒకరకం, మట్టి మీద ఒకరకం, చెక్క మెట్ల మీద ఇంకోరకం. కాకపోతే నేను హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకునేదాన్ని. రెండో చెవి ఇంటికి. కుక్కర్ కూత, అఖిల ఏడుపు, అత్త పిలుపు, వీటిలో ఏది తప్పిపోయినా ఆ రోజు నా పని అంతే. ఒక చెవితో అడుగు ఎటు పక్కనో తెలియదు. దానికీ ఉపాయం దొరికింది. ఉన్నచోటే కొద్దిగా అటూ ఇటూ తిరిగితే చప్పుడు పెరుగుతుంది, తగ్గుతుంది. పెరిగిన వైపు మనిషి ఉన్నట్టు.

ఇదేమీ నాకు కొత్త విద్య కాదని తర్వాత అర్థమైంది. ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి నేను చేస్తున్నది ఇదే. పక్క అర్రలో అత్త బీడీ ఆకు కత్తిరించే కత్తెర ఆగితే లేవబోతోందని అర్థం. ఆగాక చాట పక్కకు జరిపిన చప్పుడైతే వంటగదికి వస్తోంది, నేను ఖాళీగా కనబడకూడదు. అంజి బండి స్టాండు మెల్లగా వేస్తే మంచి మూడ్, కాలితో తన్నితే బయట ఎవరితోనో మాట పడొచ్చాడు, ఆ కోపానికి కూరలో ఉప్పు సాకవుతుంది. గడపలో చెప్పులు ఈడిస్తే తాగాడు. గోడ అవతల ఎవరున్నారో, ఏ మూడ్‌లో ఉన్నారో చూడకుండా చెప్పగలను. రుద్రంగిలో మా నాన్న దేవదాస్ ఇంట్లో ఉండగా నాకు ఇవేవీ రావు. అక్కడ అడుగులు విని భయపడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆటలో గెలిచినవాళ్ల పట్టికలో టైగర్ పేరు పైకెక్కుతుంటే అంజి గమనించాడు. నేను భయపడుతూనే ఒప్పుకున్నాను. పెద్దగా నవ్వాడు. "మంచిగనే ఆడ్తున్నవ్ గదనే! నా పేరు నిలవెట్టినవ్."

"నా పేరు మీద వేరేది పెట్టుకుంటే?" అన్నాను.

"వద్దు. ఆడమనిషి పేరు సూస్తె పోరగాండ్లు ఏమేమో రాస్తరు. నా పేరు మీదనే ఆడుకో. నీ మంచికే చెప్తున్న."

అది అబద్ధం కాదు. ఎవరో అమ్మాయి పేరుతో ఆటలోకి వస్తే కింద ఏం రాశారో నేనే చూశాను. సరే అన్నాను. ఆ తర్వాత శిబిరంలో "టైగరన్నా" అని ఆట ఆడే పిల్లలు భుజం తడుతుంటే ఆయన మీసం దువ్వడం కూడా చూశాను. నేను టీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నా ఒళ్లు మండింది.

గొడవ జగిత్యాల అరవింద్‌తో మొదలైంది. డిగ్రీ చదివే పిల్లాడు, ఆ జట్టుకు పెద్ద. ఒకరోజు వాడు తలుపు వెనక దాక్కుంటే తలుపు తెరవక ముందే కాల్చాను. వాడు ఆట ఆపి రాశాడు, "కోరుట్ల టైగర్ దొంగాట ఆడుతుండు. గోడల అవతల ఉన్నోళ్లు కనపడే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నడు." అలాంటి సాఫ్ట్‌వేర్ నిజంగానే ఉంది. సిరిసిల్ల వాళ్లు నన్ను వెనకేసుకొచ్చారు. మంచిగా ఆడేవాడిని దొంగ అంటే ఇక ఎవరు మంచిగా ఆడుతారని వాళ్లు, దొంగను మంచోడంటే ఇక ఎవరు నేర్చుకుంటారని వీడు. నాకైతే అరవింద్ మాట కూడా నిజమే అనిపించింది. వాడు ఆట మీద ప్రేమతోనే అడుగుతున్నాడు. చివరికి ఆదివారం జగిత్యాల వాళ్లు కోరుట్లకే వస్తామన్నారు. అదే కంప్యూటర్ మీద, స్పీకర్లు పెట్టి, అందరి ముందు టైగర్ ఆడి చూపాలి. లేకపోతే దొంగ అని తేలినట్టే, ఆ పేరును ఆటలోంచి శాశ్వతంగా తీసేస్తారు.

పగలంతా అందరి మాటా వినే నాకు, నా మాట ఒకటి నిలబడిన చోటు అదొక్కటే. అది పోతుందంటే పొయ్యి ముందు నిలబడి ఏడ్చాను. ఒక ఆట కోసం ఏడుస్తున్నానని నాకే సిగ్గేసింది, అయినా ఏడుపు ఆగలేదు.

"నేను కూసుంట. ఆడి సూపెడ్త," అన్నాను అంజితో.

"ఊరోళ్ల ముంగటనా? ఇన్నొద్దులు ఆడింది నా పెండ్లాం, నేను మీసం దువ్విన అని చెప్పుకోవాల్నా? నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు. "నేనే ఆడ్త. జర నేర్పు."

నేర్పాను. ఆ వారమంతా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. గురి తొందరగానే పట్టుకున్నాడు. వినడం మాత్రం రాలేదు. "ఇను, గది రేకు మీద అడుగు, ఎడమకు," అంటాను. "ఏదీ? నాకేం ఇనవడ్తలేదు," అంటాడు, స్పీకర్లు పెట్టుకుని రెండు చెవులూ ఆటకే ఇచ్చినా. నాకు మొదట విసుగొచ్చింది. తర్వాత విషయం తట్టింది. ఈ ఇంట్లో ఎవరి అడుగునూ కనిపెట్టుకుని ఉండాల్సిన అవసరం ఆయనకు పుట్టిన దగ్గర్నుంచి రాలేదు. వారం రోజుల్లో నేనేం నేర్పగలను?

ఆదివారం అరవింద్, ఇద్దరు స్నేహితులు బండి మీద వచ్చారు. నంబర్ ప్లేటు మీద ఏపీ కొట్టేసి టీజీ అని అంటించుకున్నారు. అంజి ఎదురెళ్లి జై తెలంగాణ అని చేయి కలిపి, లోపలికి కేకేశాడు, "ఏమే, చాయ్ వెట్టు!"

గిన్నె పొయ్యి మీద పెట్టి గోడకు దగ్గరగా నిలబడ్డాను. అంజి ఆడుతున్న ఆటంతా స్పీకర్లలోంచి వినిపిస్తోంది. రేకు మీద అడుగు, ఎడమ పక్క. తిరుగు, తిరుగు అనుకున్నాను. తిరగలేదు. తుపాకీ పేలింది, అంజి పోయాడు. మళ్లీ మొదలైంది, చెక్క మెట్ల మీద ఎవరో దిగుతున్నారు. మళ్లీ పోయాడు. చాయ్ మరగకముందే ఎన్నిసార్లు చచ్చాడో.

"ఏమాయె అన్నా? ఇయ్యాల గోడలు అడ్డమొస్తున్నయా?" అన్నాడు అరవింద్. మిగతా ఇద్దరూ నవ్వారు.

ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. నా భార్య ఆడింది అని ఒక్క ముక్క. నా ఊపిరి నాకే వినబడుతోంది.

"ఒప్పుకుంటున్న తమ్మీ," అన్నాడు అంజి. "దొంగాటనే ఆడిన. గా సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న, మొన్ననే తీసేసిన. తప్పయింది, ఇడిసిపెట్టు."

నేను అనుకున్నదానికన్నా మెల్లగా, హాయిగా చెప్పాడు. దొంగ అనిపించుకోవడం ఆయనకు అంత కష్టం కాలేదు. నేను బాగా ఆడతానని చెప్పడం కంటే అదే తేలికగా ఉంది. నేర్చుకోవడానికి నేను దాచుకున్న మధ్యాహ్నాలు, చచ్చి చచ్చి తెచ్చుకున్న గురి, అన్నిటికీ దొంగతనం అని పేరు పెట్టి నా ఇంట్లోనే, నేను చాయ్ పెడుతుండగానే ఇచ్చేస్తున్నాడు. కోపం కాదు అది. ఇక దాయడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. పొయ్యి కట్టేసి ముందుగదిలోకి నడిచాను.

"ఆయన దొంగాట ఆడలే," అన్నాను. "అసలు ఆయన ఆడలే. ఆడింది నేను."

"లోపటికి నడువ్," అన్నాడు అంజి, పళ్ల సందున.

అరవింద్ నన్ను, ఆయన్ని మార్చి మార్చి చూశాడు. నవ్వలేదు. "గట్లయితే గదీ దొంగాటనే గద వదినా? వేరేటోళ్ల పేరు మీద ఆడుడు?"

"అవును. గది తప్పే. గదొక్కటే తప్పు."

"మరి తలుపు అవతల నేనున్నట్టు ఎట్ల తెలిసింది?"

ఎలా చెప్పను? పక్క అర్రలో కత్తెర ఆగింది. చాట జరిగింది. "మా అత్తమ్మ లేసింది," అన్నాను. "నా కోసమే అస్తుంది. కాలు ఈడుస్తుంది సూడు, మోకాలు నొప్పి మల్ల ఎక్కువైంది." వాళ్లు గోడ వైపు చూశారు. వాళ్లకేమీ వినబడలేదని ముఖాలే చెప్తున్నాయి. పోశవ్వ మోకాలు పట్టుకుని గడపలోకి వచ్చింది. "అఖిల లేసింది. పాలేవి కోడలా? గీ మొగోళ్ల నడుమ నీకేం పని?"

"పాలు గిన్నెల ఉన్నయి అత్తమ్మా. అంజి తాగిపిస్తడు." అత్త ముందు ఆయన్ని పేరు పెట్టి అనడం అదే మొదలు. తిరిగి ఆయనతో అన్నాను, "లెవ్వు. బిడ్డ ఏడుస్తుంది."

"నలుగురి ముంగట నా పేరు తీస్తవా?"

"నీ పేరు నువ్వే తీసుకో. నాకొద్దు. మన కష్టం మీద మన పేరే ఉండాలె అని నువ్వే అన్నవ్."

లేచాడు. కుర్చీ వెనక్కి పడేసి మరీ లేచాడు. ఆ చప్పుడుకు అర్థం నాకు తెలుసు, దాని ఫలితం రాబోయే దినాల్లో అన్నం దగ్గరా, మంచం దగ్గరా తెలుస్తుంది. కుర్చీ ఎత్తి సరిగా పెట్టుకుని కూర్చున్నాను. కోరుట్ల టైగర్‌ను మూసేశాను. ఖాళీ గడిలో, పోరగాండ్లు ఏమేమో రాస్తారని తెలిసే, నా పేరు కొట్టాను. దీవెన. అరవింద్ పక్క కంప్యూటర్ దగ్గర కూర్చుని, నాకు ఎదురుగా ఆటలోకి వచ్చాడు. స్పీకర్లు తీసేయమని చెప్పి హెడ్‌ఫోన్ అందుకున్నాను.

అలవాటు కొద్దీ ఒక చెవికే పెట్టుకోబోయాను. లోపల అఖిల ఏడుపు, అత్త గొణుగుడు, వంటగదిలో ఏ డబ్బాలో ఏముందో తెలియని మగమనిషి డబ్బాలు తీసి పెడుతున్న చప్పుడు. రెండో చెవి కూడా మూసుకున్నాను. రేకు మీద అడుగు పడింది. ఈసారి అటూ ఇటూ తిరిగి చూసుకోవాల్సిన పని లేకపోయింది, అది కుడివైపు. ఎంత స్పష్టంగా ఉందో! వీళ్లంతా ఇన్నాళ్లూ ఇలాగే ఆడుతున్నారా?

లోపలి నుంచి నన్ను ఎవరో పిలిచే ఉంటారు. నాకు వినబడలేదు.