విజిల్ పడ్డంక

దసరా వెళ్లిన వారానికి వనపర్తి నుంచి ఏడుగురు ఆడవాళ్లు టెంపో కట్టుకొని బాపట్ల దిక్కు సముద్రానికి బయలుదేరారు. ఒకప్పుడు వాళ్లంతా వనపర్తి కాలేజీ కబడ్డీ జట్టు. ఇప్పుడు నలభైకి అటూ ఇటూ ఉన్నారు. ఈ ప్రయాణం పెట్టింది గద్వాలలో ఆటల టీచరుగా పనిచేసే బాలమణి. తిమ్మాజిపేటలో ఉండే నవనీతను పిలిచినప్పుడు ఆమె ఒక్కటే అడిగింది.

"ఉమారాణి వస్తుందా?"

"వస్తనన్నది."

"అయితే నేనూ వస్త."

కాలేజీలో ఉన్నప్పుడు రాష్ట్ర జట్టులో వనపర్తి నుంచి ఒక్కరికే చోటు దొరికేలా ఉండేది. ఆ ఒక్కరు నవనీతో ఉమారాణో అని ఊరంతా అనుకునేది. హాస్టల్లో ఒకే కంచంలో తిన్న స్నేహితురాళ్లు వాళ్లిద్దరూ. ఎంపికల ముందు రోజు ప్రాక్టీసులో నవనీత కూతకు పోయి, ఇద్దరిని తాకి, గీత దాటి తిరిగొచ్చింది. సారు విజిల్ వేశాడు. అందరూ నిలబడిపోయారు. ఉమారాణి మాత్రం వెనక నుంచి వచ్చి ఆమె మోకాలి మీద పడింది.

దవాఖానకు బత్తాయిలు పట్టుకొచ్చి అందరి ముందు ఏడ్చింది ఉమారాణి. కాలు జారిందని తల్లి మీద ఒట్టు వేసింది. జట్టంతా ఆ కన్నీళ్లనే నమ్మింది. కావాలనే దుంకిందని నవనీత చెబితే, కుళ్లుతో అంటుందన్నారు. ఉమారాణి రాష్ట్రానికి ఆడి పోలీసు ఉద్యోగం కొట్టింది. ఎస్సై కూడా అయింది. నవనీత కుంటుతూ పెళ్లిపీటలు ఎక్కి, మెట్టినింటి పత్తి చేలో వంగీ లేచీ ఆ కాలిని మళ్లీ దారికి తెచ్చుకుంది. మోకాలు మానింది గానీ, అబద్ధాలకోరు అన్న పేరు మానలేదు.

సర్వీ చెట్ల తోపు పక్కన, అలల చప్పుడు వినబడేంత దగ్గరలో ఉంది వాళ్లు దిగిన కాటేజీ. వానలు వెనకబట్టి ఆకాశం కడిగినట్టుంది. సాయంత్రం అరుగు మీద రొయ్యల వేపుడు తింటూ ఉమారాణి స్టేషన్ ముచ్చట్లు చెప్పి అందరినీ నవ్వించింది. చివరికి నవనీత వైపు తిరిగింది.

"ఏందే, ఇంక నా మీద కోపమేనా? సూడుండ్రి, ఎట్ల సూస్తుందో. పాపం, కాలు జారుడు గూడ నా తప్పేనంట."

అందరూ నవ్వారు. నవనీత కూడా నవ్వి, ఆమె పళ్లెంలో ఇంకో రెండు రొయ్యలు వేసింది.

పొద్దున్నే తడి ఇసుక మీద నడుస్తుంటే నవనీతే అన్నది, "జర ఆడుదామా?"

అందరూ చీర కుచ్చిళ్లు ఎగదోపి, చున్నీలు నడుముకు బిగించారు. కాలి మడమతో గీత గీశారు. బాలమణి రెఫరీ. నవనీత మూలన నిలబడింది. ఉమారాణి రెండుసార్లు కూతకు వచ్చి పోయినా ఆమె కదలలేదు. ముసలిదైపోయిందని వెక్కిరిస్తే ఓర్చుకుంది. మూడోసారి ఉమారాణి ధీమాగా కాలు చాపింది. నవనీత ఆ చీలమండ అందుకుని గుంజింది. ఉమారాణి బోర్లా పడింది. కూత తెగింది. బాలమణి నోట్లో వేళ్లు పెట్టి ఈల వేసింది.

నవనీత వదల్లేదు. వీపు మీద కూర్చుని కాలును వెనక్కి వంచింది.

"విజిల్ పడ్డదే, ఇడువు," అంది బాలమణి.

"ఆ రోజు గూడ పడ్డది." నవనీత ఉమారాణి చెవి దగ్గరకు వంగింది. "చెప్పు. జారినవా, దుంకినవా?"

"పిచ్చి లేసిందా నీకు? కేసు పెడ్త."

"పెట్టు. ముందు చెప్పు."

అల వచ్చి ఉమారాణి ముఖం తడిపి పోయింది. ఇద్దరు పరుగెత్తుకొచ్చి నవనీత భుజాలు గుంజారు గానీ ఆ పట్టు ఊడలేదు. బాలమణి వాళ్లను ఆపింది.

"ఆగుండ్రి. ఏం చెప్తదో చెప్పనీ."

కాలు ఇంకాస్త వంగింది.

"దుంకిన," అంది ఉమారాణి ఇసుక ఉమ్ముతూ. "కావాల్నని దుంకిన. నువ్వుంటే నన్నెవరు తీసుకుంటుండ్రి?"

భుజాల మీది చేతులు జారిపోయాయి. ఈ ఒక్క మాట వింటే చాలని నవనీత ఇన్నేళ్లూ అనుకుంది. విన్నది. చాలలేదు. ఆ కాలును ఒక్కసారి బలంగా మెలిపెట్టింది. లోపల ఏదో పుటుక్కుమంది. ఉమారాణి కేక సర్వీ తోపు దాకా వినబడింది. అప్పుడు వదిలి, లేచి, చేతుల ఇసుక దులుపుకుంది.

బాపట్ల డాక్టరు ఎట్లా జరిగిందని అడిగితే, "ఆడుకుంట పడ్డ," అంది ఉమారాణి. చుట్టూ నిలబడ్డ ఆరుగురి ముఖాలు చూశాక ఇంకో మాట అనడానికి ఆమెకు నోరు రాలేదు.

తిరుగు ప్రయాణంలో ఎవరూ పాటలు పాడలేదు. బాలమణి వచ్చి నవనీత పక్కన కూర్చుంది.

"నిజం ఒప్పుకున్నది గద. మల్ల ఎందుకు మెలిపెట్టినవే?"

"నాకు సరిపోలే."

ముందు సీట్లో ఉమారాణి కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చుంది. టెంపో గుంతలో పడ్డప్పుడల్లా మూలిగేది. మొదట్లో ఆ మూలుగు నవనీతకు కమ్మగా వినబడింది. కర్నూలు దాటేసరికి అది ఎవరో జబ్బు మనిషి మూలుగులా మిగిలింది. తనలో పశ్చాత్తాపం ఉందేమోనని వెతుక్కుంది. దొరకలేదు.

ఇల్లు చేరేసరికి భర్త నిరంజన్ వాకిట్లో పత్తి ఆరబోస్తున్నాడు.

"సముద్రం ఎట్లుండె?" అని అడిగాడు.

నవనీత సంచి కింద పెట్టింది.

"సక్కగ సూడలే," అని పత్తి పరచడానికి రెండో కొస దగ్గర కూర్చుంది.