పత్తి వేసినవాళ్లు

పత్తిని పురుగు తినేసిన ఏడాది సర్కారు పంట నష్టానికి సబ్సిడీ ఇచ్చింది. రామగిరి దగ్గరి ఆ ఊళ్లో అది పత్తి వేసినవాళ్లకు రాలేదు. అజీజున్నీసా కౌలుకు చేసిన చేను డబ్బు ధర్మవరంలో ఉండే భూమి యజమాని పవన్ కుమార్ ఖాతాలో పడింది. అతను ఆ చేలో అడుగుపెట్టి ఏళ్లయింది.

రైతు సేవా కేంద్రం ముందు డబ్బు పడినవాళ్ల జాబితాలో అతని పేరు చదివినప్పుడు అజీజున్నీసా ఎప్పుడూ ఉన్నదే అనుకుంది. కదిరమ్మ పేరు చదివినప్పుడు మాత్రం ఆమె కడుపు భగ్గుమంది. కదిరమ్మది పక్క చేనే. యజమాని ఒకడే, తిన్న పురుగూ ఒకటే. కాకపోతే కదిరమ్మ తమ్ముడు పవన్ కుమార్ కారు నడుపుతాడు. అందుకని ఆమె ఒక్కదాని కౌలు కార్డు మీదే అతను సంతకం పెట్టాడు. కార్డు ఉంది గనుక డబ్బు వచ్చింది.

కదిరమ్మ ఇంట్లో కోడికూర వాసన వస్తే అజీజున్నీసాకు ముద్ద దిగేది కాదు. కదిరమ్మ కొత్త మందు పంపు భుజాన వేసుకుని పోతుంటే అది పగిలిపోతే బాగుండుననుకునేది.

"తిట్టేదుంటే పవన్ కుమార్ను తిట్టు," అన్నాడు భర్త దాదాపీర్.

"ఆయప్ప ఎప్పుడూ పైనే ఉండాడు. ఈమె నిన్నటిదాకా నాతో కూలికొచ్చింది."

కదిరమ్మ తన డబ్బు తాను తీసుకుని ఊరుకోలేదు. కౌలు రైతులందరినీ తన ఇంటి ముందు కూర్చోబెట్టింది. "నాకొక్కదానికే ఎందుకు పెట్టినాడో మీకు తెలుసు. అందరికీ సంతకం పెట్టమందాం. పెట్టకుంటే పెనుకొండ వ్యవసాయ ఆఫీసు కాడ కూర్చుందాం."

"దుడ్లు చేతిలో పడినాక మాటలు బాగానే వస్తాయి," అంది అజీజున్నీసా.

కదిరమ్మ తల దించుకుంది.

సంగతి పవన్ కుమార్ చెవిన పడింది. ఈసారి తనే నడుపుకుంటూ వచ్చి అజీజున్నీసా గడప ముందు కారు ఆపాడు.

"కదిరమ్మ పత్తి వేయలేదని ఆఫీసరుకు ఒక్క మాట చెప్పమ్మా. దుడ్లు వెనక్కి పోతాయి. వచ్చే పంటకు నీ కార్డు మీద సంతకం పెడతా."

సంతకం కంటే 'వెనక్కి పోతాయి' అన్న మాటే ఆమెకు తియ్యగా వినబడింది. సరేనంది.

పవన్ కుమార్ ఇచ్చిన ఫిర్యాదు మీద పెనుకొండ ఆఫీసులో విచారణ జరిగింది. కౌలు రైతులంతా వరండాలో నిలబడ్డారు.

"కదిరమ్మ పత్తి వేసిందా?" అని ఆఫీసరు అజీజున్నీసాను అడిగాడు.

కదిరమ్మ బతిమాలలేదు. పత్తికాయల మొనలు గీరిన చేతులు కట్టుకుని నిలబడింది. పవన్ కుమార్ ఫోను చూసుకుంటున్నాడు.

"ఆమె దుడ్లు వెనక్కి పోతే నాకొస్తాయా సార్?"

"నీకెట్లా వస్తాయమ్మా? భూమి ఆయనది. ఆయనకే పోతాయి."

పవన్ కుమార్ తలెత్తలేదు. ఎత్తాల్సిన పని లేదనుకున్నాడు. ఆ ఎత్తని తలను అజీజున్నీసా కాసేపు చూసింది.

"వేసింది సార్. నేనూ వేసినా. ఆ వరండాలో నిలబడిన గంగక్కా వేసింది. వేయనోడు ఈయప్పొక్కడే. ఈమె వేయలేదని చెప్పమని మా ఇంటికొచ్చి అడిగింది కూడా ఈయప్పే. నేను సరే అన్నా."

"నేనూ వేసినా," అన్నారు వరండాలో ఒకరు. ఆపైన ఎవరు అంటున్నారో తెలియలేదు. అందరి కార్డుల మీదా సంతకం పెట్టేదాకా కదలమంటూ అందరూ వెళ్లి గేటు ముందు రోడ్డు మీద కూర్చున్నారు. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు.

మొదట కదిరమ్మను వ్యాన్లోకి ఎత్తారు. జనం ఆమె పేరు పెట్టి నినాదాలు చేశారు. తన పేరు ఎవరూ అనలేదు. అజీజున్నీసాకు మళ్లీ అదే మంట. ఎవరూ లాగకుండానే వ్యాన్ ఎక్కి కదిరమ్మ పక్కన కూర్చుంది.

"అక్కా, నీ మీద కుళ్లు నాకింకా పోలేదు."

"పోకుంటే పోనీ. కొంచెం జరుగు, గంగక్క ఎక్కతాంది."

వ్యాన్ నిండింది. తలుపు వేశారు. ఇంజను గర్జించింది గానీ చక్రం కదలలేదు. బయట మిగిలినవాళ్లంతా వచ్చి వ్యాన్ ముందు కూర్చున్నారు.